కుండీ మట్టికి ఊపిరి

చచ్చిపోయిన మొక్కను పీకి పారేసే ముందు ఆ కుండీని ఒకసారి బోర్లించి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. పైన నాలుగు వేళ్ల మందాన మట్టి గట్టిపడి, అంచుల దగ్గర కుండీని వదిలేసి పగులిచ్చి ఉంటుంది. అడుగున రెండు మూడు అంగుళాల మేర మాత్రం ఇంకా తడి ఆరదు. నల్లగా, జిగటగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగుకాలువ వాసన. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి, రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపలి సన్నటి నార ఒక్కటే చేతికొస్తుంది. “రోజూ నీళ్లు పోశాం, నెలకోసారి ఎరువు వేశాం, అయినా బతకలేదు” అంటారు ఇంటివాళ్లు. వాళ్లు చెప్పేది నిజమే. ఆ మొక్కకు తిండీ నీళ్లూ తక్కువ కాలేదు. వేళ్లకు గాలి అందలేదు.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లోని గాలే దానికి ఆధారం. ఆ ఖాళీలు నీళ్లతో నిండిపోయి రోజుల తరబడి అలాగే ఉంటే వేరు కుళ్లుతుంది, కుళ్లు తెగుళ్ల శిలీంద్రాలకు దారి దొరుకుతుంది. కుండీ మొక్కల చావుల్లో చాలావాటికి మూలం ఇదే. కాబట్టి కుండీలోకి మట్టి కలుపుతున్నప్పుడు “ఇందులో బలం ఎంత?” అనే ప్రశ్న రెండోది. “ఇందులో గాలి ఆడుతుందా?” అనేది మొదటిది.

రెండు తెలుగు రాష్ట్రాల నగరాల్లోనూ మిద్దె తోటలు ఇప్పుడు మామూలయ్యాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు హైదరాబాద్‌లో సొంత ఇంటి మీద కూరగాయలు పండించి, దాని గురించి రాసి, చెప్పి, ‘మిద్దె తోట’ అనే మాటను జనం నోట్లో నానేలా చేశారు. విత్తనాలు పంచుకోవడానికి వాట్సాప్ గ్రూపులున్నాయి. మట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఆన్‌లైన్‌లో సంచి కొంటారు, లేదా వీధి చివర ట్రాక్టర్ వాడు పోసిన ఎర్రమట్టిని ఉన్నదున్నట్టు నింపేస్తారు. మొదటిది జేబుకు బరువు. రెండోది మొక్కకు బరువు.

పొలంలో బాగా పండే మట్టి కుండీలో ఎందుకు మొరాయిస్తుంది? పొలంలో మట్టి కింద ఇంకా మట్టే ఉంటుంది. వాన నీటిని కింది పొరలు లాగేసుకుంటాయి. కుండీకి అడుగుంది. అక్కడ మట్టిలోని సన్న సందులు నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే, రంధ్రం తెరిచే ఉన్నా కొంత నీరు కిందికి దిగకుండా నిలిచిపోతుంది. మట్టి ఎంత మెత్తనైతే ఆ నిలిచే పొర అంత ఎత్తు. పన్నెండంగుళాల కుండీలో ఆ పొర రెండంగుళాలుంటే మొక్క సర్దుకుపోతుంది. అదే మట్టిని ఆరంగుళాల కుండీలో నింపినా నిలిచే పొర అదే రెండంగుళాలు, అంటే కుండీలో మూడో వంతు. చిన్న కుండీల్లో మొక్కలు తొందరగా చావడానికి ఇదొక కారణం.

దీనికి విరుగుడుగా కుండీ అడుగున గులకరాళ్లో పెంకులో రెండంగుళాలు పరవడం తాతలనాటి అలవాటు. దురదృష్టవశాత్తూ అది పనిచేయదు. మెత్తని మట్టిలోని నీరు, దాని కింద పెద్ద సందులున్న రాళ్లలోకి అంత తేలిగ్గా దిగదు. పై మట్టి పూర్తిగా నానిపోయాకే దిగుతుంది. ఫలితంగా కుండీ అడుగున నిలవాల్సిన నీరు రాళ్ల పైన, వేళ్లకు ఇంకాస్త దగ్గరగా నిలుస్తుంది. మట్టి జారిపోకుండా రంధ్రం మీద ఒక్క పెంకు బోర్లిస్తే చాలు. గాలి ఆడాలంటే మార్చాల్సింది మట్టినే, అదీ పైనుంచి కింద దాకా.

మట్టి కలపడానికి సూత్రాలు ఏ దేశానికి ఆ దేశం రాసుకుంది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థ శాస్త్రవేత్తలు 1930లలో ఒక సూత్రం తయారుచేశారు: ఏడు పాళ్లు మంచి తోట మట్టి, మూడు పాళ్లు పీట్, రెండు పాళ్లు గరుకు ఇసుక. అమెరికాలో మెల్ బార్తొలొమ్యూ 1981లో పుస్తకంగా తెచ్చిన చదరపుటడుగుల తోట పద్ధతి తర్వాతి రూపంలో అసలు మట్టే ఉండదు. పీట్, వెర్మిక్యులైట్ అనే ఉబ్బించిన ఖనిజం, కంపోస్టు సమపాళ్లలో కలుపుతారు. పీట్ అంటే చలిదేశాల చిత్తడి నేలల్లో నాచు వేల ఏళ్లుగా పేరుకుని ఏర్పడిన పదార్థం. అది అక్కడ వాళ్లకు అందుబాటులో ఉంది కాబట్టి వాడారు. దానికి ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి సున్నం కలపమన్నారు. మన యూట్యూబ్ వీడియోలు కొన్ని పీట్‌ను తీసేసి, సున్నాన్ని మాత్రం అలాగే ఉంచాయి. హైదరాబాద్‌లో బోరు నీళ్లు పోసే కుండీ అంచున తెల్లటి పొర కట్టడం అందరూ చూసిందే. ఆ నీళ్లతోనే మట్టికి కావలసినదాని కంటే ఎక్కువ క్షారం అందుతోంది. దాని మీద సున్నం, కట్టెల బూడిద కూడా వేస్తే ఇనుము అందక లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

ఆ సూత్రాల నుంచి తీసుకోవలసింది పదార్థాల పేర్లు కాదు, ఆ పదార్థాలు చేసే పనులు. మొక్క నిలబడటానికి, పోషకాలను పట్టి ఉంచడానికి మట్టి. నీటిని దాచిపెట్టుకునేది ఒకటి. సందులు తెరిచి ఉంచేది ఒకటి. తిండి పెట్టేది ఒకటి. ఈ పనులు చేసే సరుకు అమలాపురంలో ఒకటైతే అనంతపురంలో మరొకటి.

ముందు మట్టి సంగతి. తెలంగాణలో చాలా చోట్ల దొరికేది గ్రానైటు అరిగి ఏర్పడిన ఎర్ర చల్కా. ఇసుక పాలు ఎక్కువ, నీరు తొందరగా దిగుతుంది, సేంద్రియ పదార్థం తక్కువ. కుండీకి ఇది మంచి పునాది. కృష్ణా, గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి దీనికి పూర్తిగా ఎదురు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పత్తికి అది బంగారమే గానీ కుండీలో ఒంటరిగా వాడితే మొక్కను పాతిపెట్టినట్టే. గోదావరి డెల్టా ఒండ్రు సారవంతమే, కానీ మెత్తన.

చేతిలో ఉన్న మట్టి ఏ రకమో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గుప్పెడు మట్టి తడిపి, అరచేతుల మధ్య పెన్సిలంత లావున తాడులా పేనాలి. పేనుతుండగానే విరిగిపోతే ఇసుక నేల. తాడు నిలిచి, ఉంగరంలా వంచితే పగుళ్లిస్తే మధ్యరకం. ఉంగరం పగలకుండా చుట్టుకుంటే రేగడి. ఇంకాస్త ఓపిక ఉంటే గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా గిలకరించి గట్టుమీద పెట్టాలి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు గంటల్లో దాని మీద పేరేది ఒండ్రు. ఒకటి రెండు రోజులకు గానీ తేరుకోనిది బంక. ఈ మూడు పొరల్లో బంక మూడో వంతు దాటితే ఆ మట్టిని కుండీలో సగం కంటే తక్కువే వాడాలి.

నగరాల్లో సెల్లార్లు తవ్వినప్పుడు వచ్చే మొరం చాలాచోట్ల ఉచితంగానే దొరుకుతుంది. లోతు నుంచి వచ్చింది కాబట్టి కలుపు విత్తనాలు ఉండవు, ప్రాణమూ ఉండదు. ఎరువు బాగా కలిపితే పనికొస్తుంది. కానీ అందులో సిమెంటు పెళ్లలు, సున్నపు ముక్కలు కలిసి ఉంటే వద్దు. విశాఖ వైపు ఎర్రమట్టి అనగానే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి. అవి భూవారసత్వ సంపద, అక్కడినుంచి తట్టెడు తేవడం కూడా తప్పే. ఆ మాటకొస్తే ట్రాక్టర్‌లో వచ్చే ప్రతి ఎర్రమట్టి లోడూ ఏదో ఒక గుట్టను కొరికి తెచ్చిందే. మిద్దె తోటలో మట్టిని ఏళ్ల తరబడి తిరిగి వాడుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

చెరువు మట్టిది వేరే కథ. వేసవిలో చెరువు పూడిక తీసి పొలాలకు తోలుకోవడం తెలుగు రైతుకు కొత్త కాదు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక తీయడం పెద్ద పని, ఆ మట్టిని రైతులు చల్కా చేలకు తోలుకున్నారు. నీరు నిలవని ఎర్రనేలకు చెరువు ఒండ్రు బంకను, సేంద్రియ పదార్థాన్ని తెచ్చిపెడుతుంది. కుండీకీ అదే లెక్క. మన ఎర్రమట్టి మరీ ఇసుకగా ఉంటే అందులో నాలుగో వంతు దాకా చెరువు మట్టి కలపొచ్చు. అంతకంటే ఎక్కువైతే మళ్లీ అడుగున బురదే. పల్లె చెరువు సంగతి ఇది. మురుగునీరు, కార్ఖానాల నీరు చేరే పట్టణ చెరువుల పూడిక మాత్రం ఎంత నల్లగా నిగనిగలాడినా ముట్టుకోవద్దు. అందులో సీసం, క్రోమియం లాంటి భార లోహాలు ఉండొచ్చు. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలు వాటిని నేరుగా పళ్లెంలోకి తెస్తాయి.

తిండి పెట్టే పని పశువుల ఎరువుది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. నర్సరీ దగ్గరో పాడి కొట్టాల దగ్గరో కొన్న సంచిలో సగం పచ్చి పేడ ఉంటుంది. అది కుండీలో కుళ్లడం మొదలుపెడితే వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది, వేళ్లు మాడతాయి. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు. తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసన ఉంటుంది. పిడికిట్లో నలిపితే పొడిపొడిగా రాలుతుంది, గడ్డిపోచ ఆనవాలు కనిపించదు. పెంటకుప్పలో నాలుగు నుంచి ఆరు నెలలు మాగితే గానీ ఆ స్థితికి రాదు.

అనుమానంగా ఉంటే మెంతులు నిజం చెబుతాయి. ఒక గిన్నెలో ఆ ఎరువునూ మట్టినీ సగం సగం కలిపి ఇరవై మెంతి గింజలు చల్లాలి. మరో ఇరవై తడిగుడ్డలో కట్టి పక్కన పెట్టాలి. గుడ్డలోవి మొలకెత్తి, గిన్నెలోవి నాలుగైదు రోజులైనా రాకపోతే, లేదా వచ్చిన మొలకల కొసలు నల్లబడితే, ఎరువు ఇంకా మాగలేదన్నమాట. నీళ్లు చల్లి, గోనె కప్పి ఇంకో నెల వదిలేయడమే.

ఎరువు సంచి విప్పగానే కొందరు కెవ్వుమంటారు. లోపల బొటనవేలంత లావున, తెల్లగా, అర్ధచంద్రంలా ముడుచుకున్న పురుగులు కనిపిస్తాయి. తల గోధుమరంగు, తోక వైపు లోపలి నలుపు కనిపిస్తుంటుంది. చాలాసార్లు అవి కొమ్ము పురుగు పిల్లలు. కొబ్బరి మొవ్వును తొలిచే ఈ కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లోనే. అందుకే కొబ్బరి సాగయ్యే చోట్ల పెంటకుప్పల్లో మెటారైజియం అనే శిలీంద్రాన్ని కలపమని శాస్త్రవేత్తలు చెబుతారు. ఈ పిల్ల పురుగులు ముఖ్యంగా కుళ్లిన పదార్థం తింటాయి. కానీ ఇరుకు కుండీలో తిండి అయిపోయాక వేళ్ల మీద పడవన్న భరోసా లేదు. ఎరువును జల్లెడ పట్టి ఏరేయాలి. ఇంట్లో కోళ్లుంటే పని సులువు.

పశువుల ఎరువులో నత్రజని అర శాతం దరిదాపుల్లో ఉంటుంది. వానపాముల ఎరువులో అంతకు రెండు మూడు రెట్లు. అలాగని కుండీ నిండా వర్మీకంపోస్టు నింపితే మెత్తగా నలిగిన ఆ గుళికలు కొన్ని నెలల్లో కలిసిపోయి అడుగున ముద్ద అవుతాయి. మొత్తంలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు చాలు.

డబ్బు పెట్టక్కర్లేని ఎరువు ఒకటుంది. హైదరాబాద్ వీధుల్లో నీడ కోసం పెంచిన కానుగ చెట్లు శిశిరంలో ఆకు రాల్చి రోడ్లు కప్పేస్తాయి. ఊడ్చి ఓ మూల కాల్చేసే ఆ ఆకుల్ని గోనె సంచుల్లో తొక్కి నింపి, నీళ్లు చల్లి, నీడలో వదిలేస్తే ఆరేడు నెలల్లో నాలుగో వంతుకు కుంగి నల్లటి ఆకు ఎరువవుతుంది. మధ్యలో రెండు మూడుసార్లు పుల్లటి మజ్జిగ నీళ్లో పలచని పేడనీళ్లో చల్లేవాళ్లున్నారు. తడి తగ్గకుండా చూడటమే అసలు పని. బలం సంగతి అటుంచితే, మట్టిని గుల్లగా ఉంచడంలో ఆకు ఎరువును మించింది తక్కువ. వంటింటి చెత్తను ఒక్కదాన్నే డబ్బాలో వేస్తే నీరుకారి కంపు కొడుతుంది. ఒక వంతు చెత్తకు రెండు మూడు వంతుల ఎండుటాకు కలుపుతూ పోతే ఆ బాధ ఉండదు.

ఇక కొబ్బరి పొట్టు. కోనసీమలో కొబ్బరి డొక్కల నుంచి పీచు తీయగా మిగిలే ఈ పొట్టు ఒకప్పుడు మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉండేది. ఇప్పుడు దిమ్మలుగా ఒత్తి దేశాలు దాటిస్తున్నారు. పీట్ వాడకం తగ్గించాలనుకునే దేశాలకు ఇదే ప్రత్యామ్నాయం. తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీటిని పట్టుకోగలదు, అయినా ముద్ద కాదు. ఐదు కిలోల దిమ్మను నానబెడితే అరవై లీటర్లకు పైగా విచ్చుకుంటుంది. మే నెల ఎండలో మిద్దె మీద మొక్క సాయంత్రం దాకా తలవాల్చకుండా ఉండటానికి ఇది కలపడమే సులువైన దారి.

దీనికీ రెండు దోషాలున్నాయి. మొదటిది ఉప్పు. కొబ్బరి డొక్కలోనే పొటాషియం, సోడియం లవణాలు ఎక్కువ. కడగని పొట్టులో నాటిన మొక్కకు ఆకు అంచులు మాడతాయి. దిమ్మను తొట్టిలో నానబెట్టి పిండితే మొదటిసారి నీరు డికాక్షన్ రంగులో వస్తుంది. రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, రంగు లేతబడే దాకా పిండాలి. ఆఖరి నీళ్లలో గుప్పెడు జిప్సం కలిపి ఒక రాత్రి నానబెడితే పొట్టుకు అంటుకున్న సోడియాన్ని కాల్షియం వదిలిస్తుంది. రెండో దోషం, పచ్చి పొట్టులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్క పసుపు తిరుగుతుంది. అందుకే పొట్టు మూడో వంతుకు మించకూడదు, పక్కన మాగిన ఎరువు తప్పనిసరి.

కొబ్బరి పొట్టు అన్నిచోట్లా దగ్గర సరుకు కాదు. మిర్యాలగూడ, తాడేపల్లిగూడెం, మండపేట లాంటి బియ్యం మిల్లుల ఊళ్లలో వరి ఊక కొదవలేదు. పచ్చి ఊక కూడా సందులు తెరుస్తుంది. గాలి తక్కువగా తగిలేలా కాల్చిన నల్ల ఊకైతే ఇంకా మేలు. తేలిక, కుళ్లదు, నత్రజనిని లాక్కోదు. బాయిలర్ల నుంచి వచ్చే బూడిదను దీనితో పొరబడకూడదు. పూర్తిగా కాలి తెల్లబడిన బూడిదకు క్షారగుణం ఎక్కువ. అది పదో వంతు కూడా దాటకుండా ఉంటేనే మంచిది. రాయలసీమలో వేరుశనగ తొక్కలున్నాయి. ఒక వానాకాలం కుప్పలో నానిస్తే మెత్తబడి, కొబ్బరి పొట్టు చేసే పనిలో చాలా భాగం చేస్తాయి. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగుల పెంపకం షెడ్లలో మిగిలే మల్బరీ ఆకుల చెత్త, పురుగుల విసర్జన మంచి కంపోస్టు సరుకు. అనకాపల్లి లాంటి చెరకు ప్రాంతాల్లో ఫ్యాక్టరీల నుంచి వచ్చే మడ్డిని మాగబెట్టి వాడొచ్చు. పెర్లైట్ కోసం ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లు గమనించాల్సింది ఒక్కటే. అది అగ్నిపర్వతపు గాజురాయిని వేడితో పొంగించి చేసిన పూస. పగిలిన ఇటుకల్ని శనగగింజంత ముక్కలుగా కొట్టుకున్నా కుండీకి గాలి ఆడించే పని జరుగుతుంది. బరువు మాత్రం ఎక్కువ.

ఇసుక విషయంలో ఒక హెచ్చరిక. ఏటి ఇసుకలో గరుకుది మంచిది. సన్న ఇసుక రేగడితో కలిస్తే సందులు పూడుకుపోతాయి. రోబో ఇసుకలో రాతి దుమ్ము ఉంటుంది, కడిగి జల్లెడ పట్టకుండా వాడితే అదే పని చేస్తుంది. సముద్రపు ఇసుక ఉప్పు కాబట్టి దాని జోలికే పోవద్దు.

పాళ్లు చెప్పమంటే ఇలా. అంతా తట్టల కొలత, తూకం కాదు. ఎర్ర చల్కా ఉన్నవాళ్లు రెండు తట్టల మట్టికి ఒక తట్ట మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట కొబ్బరి పొట్టు గానీ నల్ల ఊక గానీ ఆకు ఎరువు గానీ. రేగడి, ఒండ్రు ఉన్నవాళ్లు ఒక తట్ట మట్టికి ఒక తట్ట నల్ల ఊక, గరుకు ఇసుక కలిపింది, ఒక తట్ట ఎరువు. మూడో అంతస్తు మీద బరువు తగ్గించాలనుకునేవాళ్లు మట్టి, పొట్టు, ఎరువు సమపాళ్లు. వీటికి తోడు ఇరవై లీటర్ల సంచికి ఒక గుప్పెడు, అంటే యాభై గ్రాముల వేపపిండి. అందులో ఐదు శాతం దాకా నత్రజని ఉంటుంది, నులిపురుగుల్ని కొంత అదుపులో పెడుతుంది. వేరుశనగ పిండి ఇంకా బలమైనదే, కానీ ఎలుకలనూ చీమలనూ పిలుస్తుంది. ఆముదపు పిండి వేసేవాళ్లు ఇంట్లో కుక్క ఉంటే మానుకోవడం మంచిది. ఆ వాసనకు కుక్కలు తవ్వి తింటాయి, ఆముదం గింజలోని విషం పిండిలోనూ మిగిలే ప్రమాదం ఉంది.

పద్నాలుగు పదార్థాల జాబితాలు చదివి బెంబేలెత్తే అవసరం లేదు. కోడిగుడ్డు పెంకులు నలిపి వేస్తే తప్పులేదు, కానీ అవి కరగడానికి ఏళ్లు పడుతుంది. వాడిన టీ పొడి ఎండుటాకుతో పాటు కంపోస్టు డబ్బాలోకి వెళ్లడమే మేలు. పై నాలుగు సరుకులు సరిగ్గా ఉంటే మిగతావి లేకపోయినా మొక్క ఆగదు.

కలిపే పనికి ఒక టార్పాలిన్, ఒక పార, అర అంగుళం జల్లెడ చాలు. మట్టిని పూర్తి పొడిగా కలపకూడదు, దుమ్ము లేస్తుంది, పొట్టు విడిపోతుంది. నీళ్లు చిలకరిస్తూ తిరగెయ్యాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే ఆ ముద్ద విచ్చిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే తడి ఎక్కువైంది. తెగుళ్లను అడ్డుకునే శిలీంద్రం ట్రైకోడెర్మా వాడదలచినవాళ్లు దాన్ని ముందుగా ఎరువులోనే పెంచాలి. తొంభై కిలోల మాగిన ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి అనేది రైతులకు చెప్పే కొలత. మిద్దె తోటకు అందులో పదో వంతు సరిపోతుంది. నీడలో గోనె కప్పి, తడి ఆరకుండా వారం పది రోజులుంచితే ఎరువంతా శిలీంద్రం అల్లుకుంటుంది. ఇలా తయారైనదాన్ని మట్టితో కలిపి, ఆ మిశ్రమాన్ని కుండీల్లో నింపే ముందు రెండు వారాలు కుప్పగా వదిలేయడం మంచిది. ఎక్కడైనా పచ్చి మిగిలి ఉంటే కుప్ప వేడెక్కి ముందే చెప్పేస్తుంది.

ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన జీవామృతం గురించి అడిగేవాళ్లుంటారు. ఎకరానికి చెప్పే కొలత రెండు వందల లీటర్ల నీళ్లకు పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇరవై కుండీల ఇంటికి బకెట్‌లో పదో వంతు కలుపుకుంటే మిగులుతుంది కూడా. కుండీలో ఎండుటాకులు, ఎరువు ఉన్నప్పుడే జీవామృతంలోని సూక్ష్మజీవులకు పని. వట్టి మొరంలో పోస్తే బెల్లం వృథా.

నర్సరీ మొక్కను ఈ మట్టిలో పెట్టేటప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. కడియం, కడియపులంక నుంచి లారీల్లో రాష్ట్రాలు దాటే మొక్కల వేళ్ల చుట్టూ మట్టి గడ్డ విడిపోకుండా ఉండాలి. అందుకే చాలా మొక్కలకు బంకమట్టి గడ్డ గట్టిగా పట్టి ఉంటుంది. ప్రయాణానికి అది మంచిదే. గుల్ల మట్టి మధ్య ఆ గడ్డను అలాగే పెడితే మాత్రం, పోసిన నీళ్లు చుట్టూ ఉన్న మట్టిలోంచి దిగిపోయి గడ్డ పొడిగా మిగులుతుంది, లేదా నానినప్పుడు గడ్డ ఒక్కటే రోజుల తరబడి తడిగా ఉంటుంది. నాటే ముందు ఆ గడ్డను బకెట్ నీళ్లలో పావుగంట ఉంచి, పైపై బంకను వేళ్లతో మెల్లగా వదిలిస్తే వేళ్లు కొత్త మట్టిలోకి దిగుతాయి.

బరువు లెక్క అందరూ దాటేసేది. మనుషులు ఎక్కే మిద్దె మీద చదరపు మీటరుకు నూట యాభై కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకోవాలని భారత ప్రమాణాలు చెబుతాయి. అంటే చదరపు అడుగుకు దాదాపు పద్నాలుగు కిలోలు. ఒక ఘనపుటడుగు తడి మట్టి నలభై ఐదు కిలోలకు తగ్గదు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతున మడి కట్టి వట్టి మట్టి నింపితే వాన పడిన రోజున అది ఏడు వందల కిలోలు దాటుతుంది. అదే మడిని సమపాళ్ల మిశ్రమంతో నింపితే ఘనపుటడుగుకు ముప్పై కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అదీ తక్కువేం కాదు. అందుకే మడులను మిద్దె నడిమధ్య కాకుండా కింద దూలాలు, గోడలు ఉన్న చోట, కాళ్ల మీద లేపి, మధ్యలో నడిచే ఖాళీ వదిలి పెట్టాలి. పాత ఇల్లైతే ఒక ఇంజినీరుకు చూపించడం ఖర్చు దండగ కాదు.

నింపాక ఒక పరీక్ష. కుండీ పైన రెండంగుళాలు ఖాళీ వదిలి, ఆ ఖాళీ నిండా నీళ్లు పోయాలి. నిమిషంలోపు లోపలికి ఇంకి కింద చుక్కలు మొదలైతే మట్టి బాగుంది. మూడు నాలుగు నిమిషాలైనా పైన నిలిచే ఉంటే బోర్లించి, నల్ల ఊకో ఆకు ఎరువో ఇంకాస్త కలపాల్సిందే. మొక్క నాటకముందే ఇది తేలితే పారతో పని, నాటాక తేలితే మొక్కతో పని.

ఒక పంట అయ్యేసరికి కుండీలో మట్టి రెండు మూడంగుళాలు కుంగిపోతుంది. లోపలి సేంద్రియ పదార్థం కుళ్లి మొక్కకు తిండి అయిపోయింది కాబట్టి అలా జరుగుతుంది. దాన్ని పారేసి కొత్త లోడు తోలించనక్కర్లేదు. కుండీని బోర్లించి, వేళ్లు ఏరి, నాలుగో వంతు మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే మళ్లీ సిద్ధం. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ అయిన కుండీల మట్టిని మిద్దె మీద ఆరంగుళాల మందాన పరిచి, తడిపి, పలచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి అంచులు మూసేస్తే నాలుగు నుంచి ఆరు వారాల ఎండకు కలుపు విత్తనాలు, చాలా రకాల తెగుళ్ల బీజాలు చస్తాయి. మంచి సూక్ష్మజీవులూ కొన్ని పోతాయి కాబట్టి తర్వాత ఎరువు, ట్రైకోడెర్మా కలపాలి.

వేళ్లు ఏరేటప్పుడు వాటిని చూడకుండా పారేయవద్దు. బెండ, టమాటా, వంగ వేళ్ల మీద ముడులు ముడులుగా ఉబ్బులు కనిపిస్తే అవి నులిపురుగులు. ఆ ఉబ్బు వేరులో భాగమే, గీకినా రాలదు. చిక్కుడు, అలసంద వేళ్ల మీద కూడా బుడిపెలుంటాయి, కానీ అవి గోటితో తాకితే ఊడివస్తాయి, తెంపితే లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే మంచి బాక్టీరియా గూళ్లవి. వాటిని తీయకుండా మట్టిలోనే కలిపేయాలి. నులిపురుగు సోకిన మట్టిని మిగతా కుండీల్లో కలపకుండా వేరుగా ఎండబెట్టి, వచ్చే పంటకు అందులో బెండా టమాటా కాకుండా బంతి వేయాలి. బంతి వేళ్ల నుంచి వచ్చే రసాయనాలు నులిపురుగుల్ని తగ్గిస్తాయి. పూలు దసరాకు గుమ్మానికి పనికొస్తాయి, పంట అయ్యాక మొక్కను వేళ్లతో సహా తరిగి అదే కుండీలో కలిపేయొచ్చు.